హార్మోన్ గోళీ మానేయాలనిపిస్తోందా? మానే ముందు చూడాల్సిన దారులు

రొమ్ము క్యాన్సర్‌కి లెట్రోజోల్ అనే హార్మోన్ గోళీ మొదలుపెట్టిన నాలుగో నెల. పొద్దున్నే పాల ప్యాకెట్ కోద్దామని కత్తెర పట్టుకుంటే వేళ్లు ముడుచుకోలేదు. అప్పటికే రెండు వారాలుగా మంచం దిగగానే గోడ పట్టుకుని నడుస్తున్నాను. కీమో అయిపోయింది, రేడియేషన్ అయిపోయింది, జుట్టు వచ్చింది, చూడటానికి వచ్చినవాళ్లంతా "ఇప్పుడు తేటగా ఉన్నావు" అంటున్నారు, నాకేమో యాభై రెండేళ్లకే మా నాయనమ్మ ఒళ్లు వచ్చి పడింది. చెకప్‌లో చెబితే "ఇవి మామూలేనమ్మా" అన్నారు. ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా పదకొండు రోజులు గోళీ మానేశాను. నొప్పి కొంచెం తగ్గింది, కానీ భయంతో రాత్రుళ్లు నిద్ర పోయింది.

తర్వాత వేరే డాక్టరు దగ్గర ఉన్నదున్నట్టు చెప్పాకే తెలిసింది, వేసుకోవడానికీ మానేయడానికీ మధ్య అరడజను దారులున్నాయని. నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదనిపించినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. గడ్డ ముక్కకి చేసే ఐహెచ్‌సీ పరీక్ష రిపోర్టులో హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్ అని, అంటే హార్మోన్ వల్ల పెరిగే రకం అని వచ్చి, ఆపరేషన్ తర్వాత ఐదేళ్లు గోళీ వేసుకోమన్నవాళ్ల కోసం ఇది. నేను డాక్టర్ని కాదు. ఏది మార్చినా మీ ఆంకాలజిస్టుతో, అంటే క్యాన్సర్ డాక్టరుతో మాట్లాడాకే, కాకపోతే ఏం అడగాలో తెలిసి వెళ్తే ఆ ఐదు నిమిషాలు వృథా కావు.

ముందు తేల్చుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు, మీకు నెలసరి నిజంగా ఆగిందా లేదా. ఇక్కడే చాలామంది తికమక పడతారు. కీమో వల్ల నలభై రెండేళ్లకి నెలసరి ఆగిపోతే అది శాశ్వతంగా ఆగినట్టు లెక్క కాదు, అండాశయాలు మళ్లీ పని మొదలుపెట్టొచ్చు. పైగా అలాంటివాళ్లు లెట్రోజోల్ ఒక్కటే వాడితే అది అండాశయాల్ని ఇంకా లేపొచ్చు. ఇదే గోళీని పిల్లలు కలగనివాళ్లకి అండం విడుదల కావడానికి కూడా రాస్తారు మరి. మన దేశంలో 2011లో ఆ వాడకాన్ని ఆపేసి 2017లో మళ్లీ అనుమతించారు. అందుకే నెట్‌లో పేరు కొట్టి చూసి "నాకు పిల్లల మందు ఎందుకు రాశారు" అని కంగారు పడేవాళ్లు ఉంటారు, పడక్కర్లేదు.

తర్వాత, జబ్బు తిరగబెట్టే ముప్పు ఎంత. చంకలోని గ్రంథులకి పాకిందా, గడ్డ ఎంత పెద్దది, గ్రేడ్ ఎంత. ముప్పు తక్కువ ఉన్నవాళ్లకి గోళీ మార్చుకోవడంలో, ఏళ్లు తగ్గించుకోవడంలో కాస్త వెసులుబాటు ఉంటుంది. నాలుగు గ్రంథులకి పాకినవాళ్లకి అంత ఉండదు, వాళ్లు గోళీ మార్చడం కన్నా ముందు ఇబ్బందికి మందు వాడి చూడటం మీద ఎక్కువ పట్టుబట్టాలి.

పాత జబ్బులు కూడా లెక్కలోకి వస్తాయి. కాలి నరాల్లో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా, ఎముకలు ముందే గుల్లగా ఉన్నాయా, గర్భసంచి ఉందా తీసేశారా, బీపీ, డిప్రెషన్ మందులు. ఇక డబ్బు, దూరం సరేసరి.

చివరిది అందరూ తేలిగ్గా వదిలేసేది: అసలు ఏది మీ రోజుని పాడుచేస్తోంది? "అన్నీ బాధలే" అంటే డాక్టరుకి ఏమీ అర్థం కాదు. ఒక్కటి తీసేస్తానంటే ఏది తీసేయమంటారో అది చెప్పండి.

రెండు రకాల గోళీలు, పక్కపక్కన

| చూడాల్సింది | టామాక్సిఫెన్ | లెట్రోజోల్, అనస్ట్రోజోల్, ఎగ్జిమెస్టేన్ |
|---|---|---|
| రోజు మోతాదు | 20 మి.గ్రా. | వరుసగా 2.5, 1, 25 మి.గ్రా. |
| ఎవరికి | నెలసరి ఉన్నా, ఆగినా | నెలసరి శాశ్వతంగా ఆగినవాళ్లకి, లేదా అండాశయాల్ని ఇంజెక్షన్‌తోనో ఆపరేషన్‌తోనో ఆపినవాళ్లకి |
| వేడి ఆవిర్లు | చాలామందికి | ఉంటాయి |
| కీళ్ల నొప్పులు | తక్కువ | దాదాపు సగం మందికి |
| ఎముకలు | నెలసరి ఆగినవాళ్లలో కాపాడుతుంది | గుల్లబారతాయి |
| కింద | తెల్లబట్ట ఎక్కువ | పొడిబారడం, మంట |
| గర్భసంచి లోపొర | మందం కావొచ్చు, అరుదుగా క్యాన్సర్ | ఆ ముప్పు లేదు |
| రక్తం గడ్డకట్టడం | ముప్పు పెరుగుతుంది | పెరగదు |

నన్ను నిలబెట్టిన లెక్క ఒకటుంది. 2015లో ముప్ఫై వేలకి పైగా మహిళల వివరాల్ని కలిపి చూశారు. నెలసరి ఆగినవాళ్లలో, కుడివైపు గడిలోని గోళీలు ఐదేళ్లు వాడినవాళ్లలో పదేళ్లకి రొమ్ము క్యాన్సర్ వల్ల పోయినవాళ్లు వందకి 12.1, టామాక్సిఫెన్ వాడినవాళ్లలో 14.2. తేడా ఉంది, కాదనను, వందకి ఇద్దరు. కానీ ఏమీ వాడకపోవడంతో పోలిస్తే ఐదేళ్ల టామాక్సిఫెన్‌తోనే ఈ జబ్బు మరణాలు దాదాపు మూడో వంతు తగ్గుతాయి. కాబట్టి "ఈ గోళీ పడట్లేదు, టామాక్సిఫెన్ అంత మంచిది కాదట, అందుకని ఏదీ వేసుకోవట్లేదు" అనడం ఏసీ బస్సు దొరకలేదని ఊరికే వెళ్లకపోవడం లాంటిది.

లెట్రోజోల్ నుంచి అనస్ట్రోజోల్‌కో ఎగ్జిమెస్టేన్‌కో మారడంలో అయితే పోయేదేమీ లేదు, ఒకదానితో ఒకటి పోల్చిన పెద్ద పరీక్షల్లో ఫలితం సమానంగానే వచ్చింది. ఒకటి పడనివాళ్లలో చాలామందికి రెండోది పడుతుంది. ఎందుకో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేదు నాకు. మార్చే ముందు మామూలుగా కొన్ని వారాలు విరామం ఇస్తారు. ఆ విరామంలో నొప్పి అసలు తగ్గకపోతే, దోషం గోళీది కాకపోవచ్చని కూడా తెలుస్తుంది. నేను ఎగ్జిమెస్టేన్‌కి మారాను, అది లెట్రోజోల్ కన్నా ఖరీదు, తిన్నాకే వేసుకోవాలి. నొప్పి పోలేదు, సగానికి వచ్చింది. పాల ప్యాకెట్ మాత్రం ఇప్పటికీ మా ఆయనే కోస్తారు.

కీళ్ల నొప్పులకి: నడక, సూదులు, మందు

ముందు ఇది గోళీ నొప్పేనా అని చూడాలి. మన దగ్గర వానాకాలం తర్వాత చికున్‌గున్యా వచ్చి వెళ్లినవాళ్లకి నెలల తరబడి ఇలాగే పట్టేస్తుంది. థైరాయిడ్, విటమిన్ డి తక్కువ కావడం, కీళ్లవాతం, వీటికి రక్త పరీక్షలున్నాయి. గోళీ నొప్పి సాధారణంగా రెండు వైపులా, వేళ్లు, మణికట్లు, మోకాళ్లలో, పొద్దున్నే బిగుసుకుపోయి తిరిగితే సడలేలా ఉంటుంది. అలా కాకుండా నడుములోనో తుంటిలోనో ఒకే చోట, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి రోజురోజుకీ పెరుగుతుంటే, దాన్ని సైడ్ ఎఫెక్ట్ కింద తోసేయకుండా వెంటనే చూపించుకోవాలి.

ఇప్పుడు దారులు. నాకు నచ్చనిదీ, అన్నిటికన్నా బాగా పనిచేసిందీ వ్యాయామమే. అమెరికాలో 121 మంది మీద ఏడాది చేసిన ఒక పరీక్షలో, వారానికి 150 నిమిషాల నడకా, రెండు సార్లు బరువులతో వ్యాయామమూ చేసినవాళ్లలో తీవ్రమైన నొప్పి దాదాపు 29 శాతం తగ్గింది, చేయనివాళ్లలో తగ్గలేదు. బరువులనగానే జిమ్ గుర్తొచ్చి భయపడకండి, నేను లీటరు నీళ్ల సీసాలతో మొదలుపెట్టాను. ఆపరేషన్ అయిన వైపు చెయ్యి వాపు ఉన్నవాళ్లు మాత్రం ఫిజియోథెరపిస్టు చూపించినట్టే చేయాలి. దీని చిక్కల్లా ఏంటంటే నొప్పిగా ఉన్నప్పుడే మొదలుపెట్టాలి, ఫలితం నెలల తర్వాత కనబడుతుంది. ఇంట్లో వంటా, ఉద్యోగమూ, మంచాన ఉన్న అత్తగారూ ఉన్నవాళ్లకి వారానికి 150 నిమిషాలంటే నవ్వొస్తుంది, అర్థమవుతుంది. పది నిమిషాల ముక్కలు చేసుకున్నా లెక్కకి వస్తుంది.

ఆక్యుపంక్చర్ మీద 226 మందితో చేసిన పరీక్ష 2018లో వచ్చింది. నొప్పి తగ్గింది గానీ కొంచెమే. మందులు పెంచుకోవడం ఇష్టం లేనివాళ్లకి, దగ్గర్లో శిక్షణ ఉన్నవాళ్లు దొరికితే, బాగానే ఉంటుంది. వారానికి రెండుసార్లు చొప్పున వెళ్లాలి కాబట్టి పల్లెల్లో ఉన్నవాళ్లకి కుదిరే పని కాదు.

డ్యులోక్సెటిన్ అని ఒక మందుంది, డిప్రెషన్‌కి వాడేదే, నరాల నొప్పికీ ఇస్తారు. పరీక్షలో, మందు లేని ఉత్త గోళీ కన్నా మెరుగ్గా పనిచేసింది. కీమో వల్ల అరికాళ్లలో తిమ్మిర్లు మిగిలిపోయినవాళ్లకి ఒక దెబ్బకి రెండు పిట్టలు. వికారం, నోరు ఎండిపోవడం ఉంటాయి, హఠాత్తుగా ఆపకూడదు. మీరు టామాక్సిఫెన్ మీద ఉంటే మాత్రం ఇది అంత మంచి జత కాదు, ఎందుకో కింద చెబుతాను.

చేపనూనె క్యాప్సూల్స్ సంగతి అందరూ అడుగుతారు. పరీక్షలో అవి వేసుకున్నవాళ్లకీ, ఉత్త గోళీ వేసుకున్నవాళ్లకీ ఇద్దరికీ నొప్పి దాదాపు సమానంగా తగ్గింది, అదీ సగానికి పైగా. చేపల కూర తినండి, క్యాప్సూల్ మీద డబ్బు పెట్టేముందు ఆలోచించండి.

వేడి ఆవిర్లకి

రోహిణి కార్తెలో విజయవాడలోనో రామగుండంలోనో ఉండి, లోపల్నించి కూడా నిప్పు పుడితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. మొదటి నెలల్లో ఎక్కువగా ఉండి తర్వాత చాలామందికి సర్దుకుంటాయి కాబట్టి, భరించగలిగితే కొంత ఆగి చూడొచ్చు. నూలు చీర, తలగడ పక్కన తడి తువ్వాలు, సాయంత్రం తర్వాత కాఫీ, కారం తగ్గించడం, ఇవి నష్టం లేనివి. రాత్రి మూడుసార్లు లేచి జాకెట్ మార్చుకునే స్థితి ఉంటే ఇక మందే.

డిప్రెషన్‌కి వాడే వెన్లాఫాక్సిన్, నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్. ఈ రెండిటినీ ఎదురెదురుగా పోల్చిన పరీక్షలో ఆవిర్లు రెండిటితోనూ దాదాపు ఒకేలా తగ్గాయి, కానీ రెండూ వాడి చూసినవాళ్లలో ఎక్కువమంది వెన్లాఫాక్సిన్ కావాలన్నారు. నా దృష్టిలో ఇది మనిషిని బట్టి: పగలంతా ఆవిర్లూ, దిగులూ ఉన్నవాళ్లకి వెన్లాఫాక్సిన్, రాత్రి ఆవిర్లతో నిద్ర లేనివాళ్లకి పడుకునే ముందు గాబాపెంటిన్. మొదటిదానికి బీపీ చూసుకుంటూ ఉండాలి, ఆపేటప్పుడు మెల్లగా తగ్గించాలి. రెండోదానికి మత్తు, తల తిరగడం, కాబట్టి రాత్రి బాత్రూంకి లేచే పెద్దవాళ్లు జాగ్రత్త. ఆక్సీబ్యుటినిన్ అని మూత్రం ఆపుకోలేనివాళ్లకిచ్చే మందు కూడా బాగా పనిచేస్తుంది, ఆ రెండు సమస్యలూ ఉన్నవాళ్లకి సరిగ్గా సరిపోతుంది. నోరు ఎండుతుంది, మలబద్ధకం వస్తుంది, డెబ్భై దాటినవాళ్లకి మతిమరుపు పెంచుతుందేమో అని డాక్టర్లు వెనకాడతారు.

టామాక్సిఫెన్ వాడేవాళ్లు ఈ ఒక్క సంగతి మర్చిపోవద్దు. టామాక్సిఫెన్‌ని కాలేయంలోని ఒక ఎంజైమ్ మార్చితేనే అది పూర్తిగా పనిచేస్తుంది. డిప్రెషన్ మందులైన పారోక్సెటిన్, ఫ్లుయోక్సెటిన్, బుప్రోపియాన్ ఆ ఎంజైమ్‌ని గట్టిగా అడ్డుకుంటాయి, డ్యులోక్సెటిన్ ఓ మోస్తరుగా అడ్డుకుంటుంది. వెన్లాఫాక్సిన్‌తో ఆ బాధ తక్కువ. మానసిక వైద్యుడు ఒకరు, క్యాన్సర్ డాక్టరు ఒకరు అయినప్పుడు ఒకరు రాసింది ఇంకొకరికి తెలియదు. మీ సంచిలో ఉన్న స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లి ఇద్దరి ముందూ పెట్టండి.

వేడి ఆవిర్లకి హార్మోన్ మాత్రలు, హార్మోన్‌లా పనిచేసే టిబోలోన్ మాత్రం మన దారి కాదు. ఈ జబ్బు వచ్చినవాళ్లలో రెండిటినీ పరీక్షించారు, రెండిటితోనూ జబ్బు తిరగబెట్టడం పెరిగింది. మీ చరిత్ర తెలియని డాక్టరు మెనోపాజ్ అనుకుని రాసే అవకాశం ఉంది కాబట్టి ఈ రెండూ గుర్తుపెట్టుకోండి. సోయా గింజలు, టోఫు వంటలో తింటే భయం లేదు, సోయా సారం క్యాప్సూల్స్ వద్దు. శతావరి లాంటివి వాడుతుంటే దాచకుండా చెప్పండి.

ఎవరూ నోరు విప్పని ఇబ్బంది

కింద పొడిబారడం, కలయికలో నొప్పి, ఊరికే మూత్రంలో మంట. నేను ఏడాదిన్నర చెప్పలేదు, మగ డాక్టరు, పక్కన కొడుకు, ఎలా చెబుతాం. అడగందే అమ్మయినా పెట్టదు. చీటీ రాసి ఇచ్చాను చివరికి, నర్సు చదివి లోపలికి పిలిచింది.

మొదటి మెట్టు హార్మోన్ లేని మాయిశ్చరైజర్, వారానికి రెండు మూడు సార్లు, కలయిక ఉన్నా లేకపోయినా. రెండోది నీటి ఆధారిత లూబ్రికెంట్, ఆ సమయానికి. కొబ్బరినూనె చవకా, చాలామందికి పడుతుంది, కానీ కండోమ్ వాడేవాళ్లు వాడకూడదు, చిరిగిపోతుంది. ఇవేవీ చాలకపోతే యోని లోపల వాడే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ గురించి ఆంకాలజిస్టునే అడగాలి. డెన్మార్క్‌లో 2022లో వచ్చిన ఒక పరిశీలనలో మొత్తం మీద ముప్పు పెరగలేదు గానీ, లెట్రోజోల్ రకం గోళీలతో కలిపి వాడినవాళ్లలో తిరగబెట్టడం ఎక్కువ కనబడింది. అందుకే ఈ ఇబ్బందే అన్నిటికన్నా పెద్దదైతే, ముప్పు తక్కువ ఉంటే, టామాక్సిఫెన్‌కి మారడం గురించి మాట్లాడటం అర్థవంతం.

ఎముకలు

ఇవి నొప్పి పెట్టవు, విరిగాకే తెలుస్తుంది. లెట్రోజోల్ రకం మొదలుపెట్టేటప్పుడే ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్ తీయించుకోవాలి. రాగులు, నువ్వులు, పాలు, ఎండ, విటమిన్ డి అందరికీ. బలహీనంగా ఉంటే ఆరు నెలలకోసారి జోలెడ్రోనిక్ యాసిడ్ సెలైన్, లేదా ఆరు నెలలకోసారే డెనోసుమాబ్ ఇంజెక్షన్. జోలెడ్రోనిక్‌కి ఇంకో లాభం, నెలసరి ఆగినవాళ్లలో ఎముకలకి జబ్బు పాకడాన్ని కూడా తగ్గిస్తుంది. మొదటిసారి జ్వరం రావొచ్చు, పీకాల్సిన పళ్లు ముందే పీకించుకోవాలి, కిడ్నీలు బాగుండాలి. డెనోసుమాబ్ తేలిక, కానీ మధ్యలో ఆపేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం ఉంది. తేదీకి రాలేనివాళ్లు దాని జోలికి పోకపోవడం మేలని నా అభిప్రాయం.

నెలసరి ఇంకా ఆగనివాళ్లకి: ఇంజెక్షనా, ఆపరేషనా

ముప్పు ఎక్కువ ఉన్న చిన్నవయసువాళ్లకి అండాశయాల్ని ఆపమంటారు. అండాశయాల్ని ఆపే ఇంజెక్షన్ గోసెరెలిన్‌ని 28 రోజులకోసారి పొట్టలో వేస్తారు, సూది లావు. లాభమల్లా ఎప్పుడైనా ఆపొచ్చు. ఆవిర్లు, మూడ్ భరించలేకపోతే వెనక్కి వచ్చే దారి ఉంది. ఆపరేషన్ ఒక్కసారితో అయిపోతుంది, నెలనెలా చార్జీలు, కూలీ పోగొట్టుకోవడం ఉండదు, కానీ వెనక్కి రాదు. పిల్లలు చాలనుకున్న నలభై నాలుగేళ్లావిడ, ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్‌కి బస్సెక్కి రావాల్సినావిడ ఆపరేషన్ ఎంచుకుంటే నాకు సబబుగానే అనిపిస్తుంది. ముప్ఫై రెండేళ్ల అమ్మాయికి అదే సలహా ఎవరైనా తొందరపడి ఇస్తే మాత్రం ఇంకో అభిప్రాయం తీసుకోమంటాను, ముందు కొన్ని నెలలు ఇంజెక్షన్‌తో ఎలా ఉంటుందో చూడొచ్చు కదా. ఇంజెక్షన్ మీద ఉండగా ముట్టు కనబడితే వెంటనే చెప్పాలి, అండాశయాలు పూర్తిగా ఆగలేదన్నమాట.

పిల్లలు కావాలనుకునేవాళ్లకి 2023లో మంచి కబురు వచ్చింది. 18 నుంచి 30 నెలలు గోళీ వాడి, రెండేళ్ల వరకు ఆపి గర్భం దాల్చినవాళ్లలో అప్పటిదాకా చూసినంతలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టలేదు. అయితే ఇది డాక్టరుతో తేదీ వేసుకుని ఆపడం. టామాక్సిఫెన్ మీద ఉండగా గర్భం రాకూడదు, బిడ్డకి హాని. కాపర్ టీ లాంటి హార్మోన్ లేని పద్ధతి వాడాలి.

ఇంకా ఎన్నేళ్లు?

ఐదేళ్లయ్యాక "ఇంకో ఐదు" అంటే గుండె జారిపోతుంది. ఆస్ట్రియాలో చేసిన పరీక్ష ఫలితం 2021లో వచ్చింది: ఐదేళ్ల తర్వాత అనస్ట్రోజోల్ ఇంకో రెండేళ్లు వాడినవాళ్లకీ, ఇంకో ఐదేళ్లు వాడినవాళ్లకీ జబ్బు విషయంలో తేడా లేదు, ఎక్కువ వాడినవాళ్లలో ఎముకలు ఎక్కువ విరిగాయి. కాబట్టి పదేళ్లు అన్నప్పుడు "ఏడు సరిపోదా నాకు?" అని అడగడం తప్పు కాదు. గ్రంథులకి ఎక్కువగా పాకినవాళ్లకి జవాబు వేరుగా ఉండొచ్చు. మొదటి ఐదేళ్లలో సొంతంగా విరామాలు తీసుకోవడానికి మాత్రం ఈ లెక్క వర్తించదు.

టామాక్సిఫెన్ వాడేవాళ్లకి చివరగా రెండు మాటలు. స్కానింగ్‌లో గర్భసంచి పొర మందంగా ఉందని రిపోర్టు రాగానే సంచి తీయించుకోవడానికి పరుగెత్తకండి, ఈ గోళీతో అది తరచూ అలా కనబడుతుంది. నెలసరి ఆగాక రక్తం కనబడితే మాత్రం ఒక్క చుక్కయినా చూపించుకోవాలి. ఒక కాలు వాచి పిక్క నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి, వెళ్లగానే టామాక్సిఫెన్ వాడుతున్నానని చెప్పండి.